ఎలక్ట్రిక్ గిటార్ కొనేటప్పుడు బాడీ కర్రను ఎంత పట్టించుకోవాలి, ఎలా తేల్చుకోవాలి

వైజాగ్‌లో షాపుకెళ్ళి అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా, ఎలక్ట్రిక్ గిటార్ గురించి చెప్పే మొదటి రెండు మూడు మాటల్లో బాడీ కర్ర పేరు ఒకటి ఉంటుంది. మహోగని అయితే సౌండు నిండుగా గుమ్మంటుందని, యాష్ అయితే ఖంగుమంటుందని, ఆల్డర్ అన్నిటికీ సరిపోతుందని, బాస్‌వుడ్ చవక రకమని. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్ళు ఈ పేర్లు పట్టుకుని నెలల తరబడి ఆగిపోవడం, దాచుకున్న డబ్బంతా కర్ర పేరు మీద పెట్టేసి ఆంప్‌కి (గిటార్ సౌండు పెంచే యాంప్లిఫయర్) మిగలకపోవడం చూస్తూనే ఉన్నాను, అందుకే ఇది రాస్తున్నా. కర్ర వల్ల తేడా ఉంది. కాకపోతే ఆ తేడా కర్ర పేరులో కంటే మీ చేతిలో ఉన్న ఫలానా ముక్క బరువులో, గట్టిదనంలో, అది ఆరిన తీరులో ఎక్కువ ఉంటుంది, పైగా పికప్ (స్ట్రింగ్ కదలికను పట్టే భాగం), కేబుల్, ఆంప్, స్పీకర్ అన్నీ దాటి మీ చెవిదాకా వచ్చేసరికి బాగా సన్నబడిపోతుంది. ఎంత సన్నబడుతుందో నేను చెబితే నమ్మక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు, ఎలాగో కింద చెబుతా.

కర్రే పలుకుతుంది అనే నమ్మకం మనకు ఊరికే రాలేదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో తరతరాలుగా పనస కర్రతో వీణలు చేస్తున్నారు, ఒకే మొద్దును తొలిచి కుండ, దండి విడదీయకుండా చేసిన ఏకాండి వీణకు ఉన్న విలువే వేరు. అక్కడ ఆ నమ్మకం అక్షరాలా నిజం. తీగ కదలిక గుర్రం (తీగలు ఆనే మెట్టు) మీదుగా కుండ మీది పలకకు దిగుతుంది, పలక గాలిని కదిలిస్తుంది, మనం వినేది ఆ పలకనే. అకౌస్టిక్ గిటార్ కూడా అంతే, పై పలక గట్టి స్ప్రూస్ ముక్కా, ప్లైవుడ్డా అన్నది గదిలో కూర్చున్నవాళ్ళకు తెలిసిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్ బాడీ మాత్రం గట్టి దిమ్మ, అది గాలిని పెద్దగా కదపదు. పికప్‌లో ఉన్న అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ కలిసి పైన ఊగే స్టీలు స్ట్రింగ్ కదలికను కరెంటుగా మారుస్తాయి. కర్ర కదలిక వాటికి నేరుగా తెలియదు. (లోపల మైనం సరిగా పట్టని పికప్‌లు కొంచెం మైకులా పనిచేసి, బాడీ మీద తడితే ఆ చప్పుడు కూడా పట్టుకుంటాయి, అది వేరే సంగతి.)

మరి కర్ర ఎక్కడ దూరుతుంది? స్ట్రింగ్ రెండు కొసల దగ్గర. ఒక కొస బాడీ మీది బ్రిడ్జి మీద, ఇంకో కొస నెక్ (వేళ్ళు ఆడించే పొడుగు భాగం) చివర ఉండే నట్ మీదో మీరు నొక్కిన ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) మీదో ఆనుకుని ఉంటుంది. ఆనుకున్న చోటు అసలు కదలకపోతే శక్తి అంతా స్ట్రింగ్‌లోనే అటూ ఇటూ తిరుగుతుంది, కొద్దిగా లొంగితే మాత్రం ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర లొంగిందో అక్కడి శక్తి కర్రలోకి జారిపోయి ఆ స్వరం తొందరగా ఆరిపోతుంది. అంటే కర్ర కొత్త సౌండేదీ కలపదు, ఉన్నదాంట్లోంచి కొంత తీసేస్తుంది. ఇది అర్థమైతే షాపుల్లో వినిపించే ఒక మాట తిరగబడుతుంది. "చూడండి సార్, ప్లగ్ చేయకుండానే బాడీ ఎలా అదురుతోందో, సస్టెయిన్ మామూలుగా ఉండదు" అంటారు, సస్టెయిన్ అంటే మీటిన స్వరం ఎంతసేపు నిలుస్తుందన్నది. బాడీ అదురుతోందంటే స్ట్రింగ్‌లో ఉండాల్సిన శక్తి అక్కడికి పోయిందన్నమాట. పొట్టకు ఆనించుకుని వాయిస్తుంటే ఆ అదురు హాయిగా ఉంటుంది, చెయ్యి కూడా దానికి తగ్గట్టు ఒద్దికగా వాయిస్తుంది, దాన్ని నేను తక్కువ చేయను. సస్టెయిన్‌కి మాత్రం అది రుజువు కాదు.

బాడీ కంటే నెక్ ముఖ్యం అనడానికి కూడా ఇదే కారణం. బాడీ దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల మందం ఉన్న దిమ్మ, నెక్ సన్నగా పొడుగ్గా ఉండే ముక్క, రెండింట్లో ఎక్కువ ఊగేది నెక్కే. గిటార్ మీద ఒక్కోచోట స్వరం టక్కున చచ్చిపోతుంది, డెడ్ స్పాట్ అంటారు, అది ఎక్కువగా నెక్ ఊగడం వల్లే వస్తుంది. బేస్ గిటార్ వాయించేవాళ్ళకు జి స్ట్రింగ్ మీద 5 నుంచి 7 ఫ్రెట్ల మధ్య ఇది బాగా తెలుసు. హెడ్‌స్టాక్‌కి (నెక్ కొసన స్ట్రింగ్స్ బిగించే చోటు) ఒక బరువైన క్లాంప్ తగిలించి చూడండి, ఆ చచ్చిన చోటు పక్క ఫ్రెట్‌కి జరుగుతుంది. బాడీ అదే, కర్ర అదే.

పేరున్న కర్రలు ఎలా వాడుకలోకి వచ్చాయో తెలిస్తే ఆ పేర్ల మీద భయం తగ్గుతుంది. ఫెండర్ అనే అమెరికా కంపెనీ 1950లో సాలిడ్ బాడీ (గట్టి దిమ్మ) గిటార్లు అమ్మడం మొదలుపెట్టినప్పుడు యాష్ వాడింది, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ కూడా మొదట యాషే. 1956 నుంచి చాలా రంగులకు ఆల్డర్‌కు మారింది. యాష్‌లో చారల వెంట రంధ్రాలు పెద్దవి, వాటిని పూడ్చి నునుపు చేస్తేగానీ రంగు సాఫీగా ఎక్కదు, ఆల్డర్‌కు ఆ బాధ లేదు, అమెరికా పడమటి తీరంలో బాగా దొరుకుతుంది కూడా. చారలు పైకి కనపడే బ్లాండ్ రంగుకు మాత్రం యాష్‌నే ఉంచారు. 2020లో మళ్ళీ ఫెండర్ తన మామూలు మోడళ్ళలో చాలావాటి నుంచి యాష్‌ను తప్పించింది, ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు ఆ చెట్లను తినేయడం, మిసిసిపి లోతట్టున వరదలు ఎక్కువ రోజులు నిలిచిపోవడం కారణాలు. చూశారా, కర్ర ఎంపికలో దొరకడం, రంగు పట్టడం, బరువు, ధర ఇవన్నీ ఉన్నాయి. మనం ఏళ్ళ తరబడి రికార్డుల్లో విని అలవాటుపడ్డాం కాబట్టి అదే ఆల్డర్ సౌండు అయింది.

ఇంకో అమెరికా కంపెనీ గిబ్సన్ వైపు 1952లో వచ్చిన లెస్‌పాల్ మహోగని దిమ్మ మీద మేపుల్ పలక. ఆ గిటార్‌కు పేరిచ్చిన లెస్ పాల్ 1940 ప్రాంతంలో 4 అంగుళాల చదరపు పైన్ దుంగకు నెక్, పికప్‌లు బిగించి వాయించాడు, జనానికి గిటార్‌లా కనపడాలని తర్వాత పక్కలు అతికించాడు. 1950లలో డాన్‌ఎలక్ట్రో కంపెనీ మేసొనైట్ అనే నొక్కిన పొట్టు అట్టతో గిటార్లు చేసింది, వాటి సౌండుకు ఇప్పటికీ అభిమానులున్నారు. 1969లో డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆంపెగ్ కంపెనీ కోసం అవతలివైపు కనపడే అక్రిలిక్ బాడీ చేశాడు, రోలింగ్ స్టోన్స్ గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దాన్ని స్టేజి మీద వాయించాడు. బాడీలో కర్రే లేకుండా ఎలక్ట్రిక్ గిటార్ పలికింది, బాగానే పలికింది.

ఇక ఒక్కో కర్ర. లెక్కకు క్యూబిక్ మీటర్‌కు బరువు గుర్తుపెట్టుకుంటే చాలు, అన్నీ సుమారు అంకెలే: బాస్‌వుడ్ 415 కిలోలు, ఆల్డర్ 450, తేలికైన స్వాంప్ యాష్ 500 అటూ ఇటూ, అసలు మహోగని 590, గట్టి మేపుల్ 700. మేపుల్ బాడీ బరువు, లొంగదు, పిక్ తగిలిన మొదటి క్షణం పదునుగా వస్తుంది. రికెన్‌బాకర్ గిటార్లు మేపులే. బాస్‌వుడ్ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, దాన్ని చవకబారు కర్ర అనడం అన్యాయం. మెత్తన కాబట్టి మెషీన్‌లో తొందరగా కోతపడుతుంది, గోటితో నొక్కినా గుంట పడుతుంది, నిజమే. కానీ గిటారిస్టు జో సాట్రియానీ పేరు మీద ఐబనెజ్ కంపెనీ చేసే గిటార్లలో చాలావరకు బాస్‌వుడ్డే, ఆయన సౌండు ఎవరికీ తక్కువగా అనిపించలేదు. పాప్లర్ తక్కువ ధర గిటార్లలో చాలా వస్తుంది, పచ్చటి చారలుంటాయి కాబట్టి పైన రంగు వేసేస్తారు, ఆల్డర్‌కు దగ్గరగా ఉంటుంది, వంక పెట్టడానికి ఏమీ లేదు. పాలోనియా ఈమధ్య ఎక్కువైంది, చాలా తేలిక, 300 కిలోలు కూడా ఉండదేమో అనిపించేంత. దాంట్లో స్క్రూలు సరిగా పట్టవు, స్ట్రాప్ బటన్ ఊడిపోతుంటుంది, కొంటే అవి ఊపి చూడండి. ఇక చవక గిటార్ మీద "మహోగని" అని ఉంటే అది అసలు మహోగని అయ్యే అవకాశం తక్కువ, నాటో, మెరాంటి, ఒకౌమె లాంటి వేరే చెట్లను ఆ పేరుతో అమ్ముతారు. అవి చెడ్డవని కాదు, పేరు చూసి ఎక్కువ డబ్బు ఇవ్వకండి.

షాపులో ఎలా చూడాలి

లగేజీ తూచే చిన్న కొక్కెం కాటా ఒకటి జేబులో వేసుకెళ్ళండి. షాపువాళ్ళు వింతగా చూసినా ఫర్వాలేదు. స్ట్రాట్ (స్ట్రాటోకాస్టర్) రకం 3.3 నుంచి 3.8 కిలోల మధ్య ఉంటే సుఖం, లెస్‌పాల్ రకం 4 దాటుతుంది, 4.5 దాటితే మాత్రం రెండు గంటలు నిలబడి వాయించాక భుజం చెబుతుంది. ఒకే మోడల్, ఒకే కర్ర, రెండు గిటార్ల మధ్య అరకిలో తేడా రావడం మామూలే. ఆ తేడా ముందు ఆల్డరా, పాప్లరా అన్న ప్రశ్న చిన్నది.

తర్వాత స్ట్రింగ్స్ చూడండి. ఇది మన ఊళ్ళో అన్నిటికంటే ముఖ్యం. సముద్రపు గాలికి షాపులో వేలాడే గిటార్ స్ట్రింగ్స్ కొన్ని వారాల్లోనే గరుకెక్కి, పై ఫ్రీక్వెన్సీలు పోయి మొద్దుబారిపోతాయి. నిన్న వచ్చిన యాష్ గిటార్‌ని, ఆరునెలలుగా గోడకున్న మహోగని గిటార్‌ని పక్కపక్కన వాయించి "యాష్ ఖంగుమంటోంది, మహోగని మెత్తగా ఉంది" అనుకుంటే మీరు విన్నది తుప్పును. రెండింటికీ ఒకే గేజ్ (స్ట్రింగ్ మందం), ఒకే కంపెనీ కొత్త సెట్లు వేయమని అడగండి, సెట్ల డబ్బు మీరే ఇస్తానంటే చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే సౌండు పోల్చే పని అక్కడితో వదిలేసి నెక్, ఫ్రెట్లు, బరువు మాత్రం చూసుకోండి.

కొత్త స్ట్రింగ్స్ పడ్డాక ప్లగ్ చేయకుండా ప్రతి స్ట్రింగ్ మీద ప్రతి ఫ్రెట్ ఒకే బలంతో మీటి, అది ఆగేదాకా వినండి. ఓపిక కావాలి. పది నిమిషాల్లో ఆ గిటార్‌లో చచ్చిన చోట్లు ఎక్కడున్నాయో తెలుస్తాయి. ప్రతి గిటార్‌కూ ఒకటో రెండో ఉంటాయి, మీరు ఎక్కువగా ఆగే స్వరాల మీద లేకపోతే చాలు.

పోల్చాలంటే పికప్‌లు కూడా ఒకలాంటివే అయ్యుండాలి, సింగిల్ కాయిల్ పికప్‌కీ (ఒకే తీగ చుట్ట) హంబకర్‌కీ (రెండు చుట్టలు) మధ్య తేడా విని కర్ర తేడా అనుకోవద్దు. పికప్ ఎత్తు కొలవండి. చివరి ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ నొక్కి, పికప్ పైభాగానికీ స్ట్రింగ్‌కీ మధ్య దూరం చిన్న స్కేలుతో చూస్తే సింగిల్ కాయిల్‌కి 2 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉండాలి. అర మిల్లీమీటర్ తేడా వస్తే వాల్యూమ్, పదును రెండూ మారిపోతాయి, మరీ దగ్గరైతే అయస్కాంతం స్ట్రింగ్‌ని లాగి స్వరం వణుకుతుంది. వాల్యూమ్ పాట్ (వాల్యూమ్ నాబ్ కింద ఉండే రెసిస్టర్) 250కె (కిలో ఓమ్‌లు) ఉందా 500కె ఉందా అడగండి, సాధారణంగా సింగిల్ కాయిల్‌కి మొదటిది, హంబకర్‌కి రెండోది వేస్తారు, అది మార్చినా పై ఫ్రీక్వెన్సీలు మారతాయి. స్కేల్ లెంగ్త్ (నట్ నుంచి బ్రిడ్జి దాకా స్ట్రింగ్ పొడవు) కూడా చూడండి, ఫెండర్ రకం 25.5 అంగుళాలు, గిబ్సన్ రకం 24.75, పొడుగు ఎక్కువైతే స్ట్రింగ్ బిగువు ఎక్కువ. మహోగని సౌండు, ఆల్డర్ సౌండు అని మనం అనేదాంట్లో చాలా భాగం ఇవే.

ఆంప్‌ను క్లీన్‌లో (సౌండును విరగ్గొట్టకుండా) పెట్టండి, రివర్బ్ (ప్రతిధ్వని) కూడా వద్దు. డిస్టార్షన్ (సౌండును విరగ్గొట్టే సెట్టింగు) వేస్తే చిన్నా పెద్దా అన్నీ ఒకే ఎత్తుకు నొక్కుకుపోతాయి, కర్ర తేడా పూర్తిగా మాయమవుతుంది. ఇప్పుడు మీతో వచ్చినవాళ్ళకి గిటార్లు ఇచ్చి మీరు వెనక్కి తిరిగి నిలబడండి. ఏది ఎప్పుడు వాయిస్తున్నారో చెప్పొద్దనండి, ఒకే నాలుగు కార్డ్స్ (కలిపి మీటే స్వరాలు), ఒకే పిక్, వాల్యూమ్ సమానం. ఏది ఏదో ఊహించి కాగితం మీద రాసుకోండి. సగం తప్పులు వచ్చాయంటే ఆ రెండు కర్రల మధ్య మీ చెవికి తేడా లేదు, ధర తక్కువదాన్ని ధైర్యంగా కొనేయండి. ప్రతిసారీ సరిగ్గా పట్టుకుంటే తేడా నిజంగానే ఉంది, అప్పుడు అది మీకు నచ్చిన తేడానా అన్నది మాత్రం చూసుకోండి. ఫోన్‌లో రికార్డు చేసి ఇంటికెళ్ళి ఇంకోసారి వింటే ఇంకా మంచిది.

డబ్బు ఎక్కడ పెట్టాలి అని అడిగితే నేను చెప్పే వరుస ఇది: ఆంప్, స్పీకర్ మొదట, ఆ తర్వాత మంచి సెటప్, అంటే ఫ్రెట్లు సమం చేయించి, నట్ గాట్లు సరిచేయించి, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోవడం) పెట్టించడం, ఆ తర్వాత పికప్‌లు. కర్ర చివర్న. ఇప్పటికే ఉన్న గిటార్ మొద్దుగా ఉందని అమ్మేసే ముందు కేబుల్ పొడవు కూడా చూడండి, కేబుల్ మీటర్‌కు దాదాపు 100 పికోఫారడ్ కెపాసిటెన్స్ వేస్తుంది, అది పై ఫ్రీక్వెన్సీలను తగ్గిస్తుంది, పది మీటర్ల చవక కేబుల్ తగిలిస్తే ఏ యాష్ అయినా మెత్తబడిపోతుంది.

మన ఊరి తేమ

విశాఖలో గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం పైనే. ఫ్యాక్టరీలో 6 నుంచి 8 శాతం తేమకు ఆరబెట్టిన కర్ర ఇక్కడికొచ్చాక మెల్లగా 13, 14 శాతం వైపు లాక్కుంటుంది, పీల్చినకొద్దీ చారలకు అడ్డంగా ఉబ్బుతుంది. బాడీకి దళసరి పాలియెస్టర్ పూత ఉంటుంది కాబట్టి దానికి పెద్దగా ఏమీ కాదు. పూత లేని ఫ్రెట్‌బోర్డు, వెనక సన్నటి పూత ఉన్న నెక్ మాత్రం కదులుతాయి, వానాకాలం వచ్చేసరికి యాక్షన్ (ఫ్రెట్ల మీద స్ట్రింగ్ ఎత్తు) మారిపోయిందని అందరూ అనేది అందుకే. సరిచేసేటప్పుడు ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే లోహపు కడ్డీ) ఒకేసారి పావు చుట్టుకు మించి తిప్పకండి, తిప్పాక ఒక రాత్రి వదిలి చూడండి. రాత్రంతా ఏసీ వేసి, పగలు కిటికీలు తెరిచే గదిలో గిటార్‌ని గోడకు వేలాడదీయడం కంటే కేసులో సిలికా జెల్ పొట్లాలతో ఉంచడం మేలు.

సముద్రం ఒడ్డునున్న లాసన్స్ బే, సాగర్‌నగర్ వైపు ఉండేవాళ్ళు బ్రిడ్జి కూడా చూసుకోవాలి. శాడిల్ (బ్రిడ్జి మీద స్ట్రింగ్ ఆనే చిన్న ముక్క) స్క్రూలు తుప్పుపట్టి శాడిల్ వదులుగా కూర్చుంటే స్ట్రింగ్ కొస అక్కడే లొంగిపోతుంది, ఏ కర్ర దొంగిలించనంత సౌండు అక్కడ పోతుంది. వాయించాక పొడి గుడ్డతో స్ట్రింగ్స్, బ్రిడ్జి తుడవడం, నెలకోసారి స్క్రూలకు చుక్క మెషీన్ ఆయిల్ వేయడం, ఇంతే పని.

సొంతంగా బాడీ చేయించుకోవాలంటే

నాకు ఇష్టమైన సంగతి ఇది. బయటి కర్ర తెప్పించక్కర్లేదు. స్ట్రాట్ సైజు బాడీకి దాదాపు 46 సెంటీమీటర్ల పొడవు, 33 వెడల్పు, నాలుగున్నర మందం కావాలి, రెండు ముక్కలు అతికించినా, మూడు అతికించినా సౌండుకు నష్టం లేదు. పనస బాగా పనిచేస్తుంది, చూడ్డానికి పసుపుగా మొదలై ఏళ్ళు గడిచేకొద్దీ ఎర్రబారుతుంది, బరువు మహోగనికి కాస్త పైన. అరకు వైపు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్‌లో పులిపొడ లాంటి మచ్చలు వస్తాయి, దొరికితే వదలకండి. టేకు కావాలంటే పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, గుమ్మాలు చూడండి, దశాబ్దాలుగా ఇదే గాలిలో ఆరినవి, ఇక వంకర తిరగవు. కోతకు ఇచ్చేముందు మేకులు ఒక్కటి కూడా లేకుండా అయస్కాంతంతో వెతకండి, లేకపోతే రూటర్ (కర్రను తొలిచే మెషీన్) బిట్ పోతుంది. టేకులో నూనె ఉంటుంది కాబట్టి అతికించే అంచులను అప్పటికప్పుడు థిన్నర్‌తో తుడిచి జిగురు పెట్టాలి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర తేలిక, మెత్తన, కానీ బాడీకి కావలసిన వెడల్పు రావడం కష్టం. ఎర్రచందనం జోలికి వెళ్ళొద్దు, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం, పైగా నీళ్ళలో మునిగేంత బరువు.

బరువు లెక్క ముందే వేసుకోండి. ఆల్డర్‌లో రెండు కిలోలు తూగే బాడీ టేకులో మూడు కిలోలకు దగ్గరవుతుంది. నెక్, బ్రిడ్జి, ట్యూనర్లు కలిపితే నాలుగున్నర. పిక్‌గార్డ్ (బాడీ మీది ప్లాస్టిక్ పలక) కింద కనపడని చోట గదులు తొలిపించి అరకిలో దాకా తగ్గించవచ్చు, బ్రిడ్జి కింద, నెక్ కూర్చునే చోట మాత్రం ముట్టుకోవద్దు.

సామిల్లులో "ఆరింది సార్" అంటే సరిపోదు. అంగుళం మందానికి ఏడాది అనేది గాలికి ఆరబెట్టే కర్రకు పాత లెక్క. తేమ మీటర్‌తో ముక్క నడిమధ్య కోసి గుచ్చి చూడండి, 14 శాతం దాటితే ఇంట్లో చెక్క పుల్లల మీద ఎత్తి, రెండు కొసలకు మైనం పూసి, ఫ్యాను గాలి తగిలేచోట ఇంకొన్ని నెలలు ఉంచండి. రంగు, లాకర్ వానాకాలంలో కొట్టించొద్దు, ఉక్కపోత రోజున స్ప్రే చేసిన లాకర్ తేమ పట్టి పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. సంక్రాంతి దాటాక పొడిగా ఉన్న రోజు చూసి, పొద్దున పదీ పదకొండు తర్వాత మొదలుపెట్టమనండి, సన్నటి పూతలు, పూతకూ పూతకూ మధ్య పూర్తిగా ఆరనివ్వడం. ఆఖరి పూత వేశాక కనీసం మూడు వారాలు ఆగి అప్పుడు బ్రిడ్జి బిగించండి.